పనిచోట తగువు వచ్చినప్పుడు తీర్పు చెప్పకుండా సాయపడడం ఎలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం లాంటి ఊళ్లలో ఫ్యాక్టరీలోనో, బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో చాలాకాలంగా పనిచేస్తూ, నలుగురిలో నిదానస్తుడని పేరు తెచ్చుకున్న తెలుగువారి దగ్గరికి సహోద్యోగుల తగువులు వాటంతట అవే వచ్చి చేరుతాయి. "అన్నా, మీరే ఒక మాట చెప్పండి" అంటూ ఒక కుర్రాడు మధ్యాహ్నం షిఫ్టు దిగగానే వచ్చి నిలబడతాడు. ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టి, ఎవరిది ఎంత తప్పో తేల్చి, చేతులు కలిపించి పంపడం మన పెద్దమనుషుల పద్ధతి. తెలుగు, ఒడియా, హిందీతో పాటు కువి, సవర అనే గిరిజన భాషలు మాట్లాడేవాళ్లు ఒకే షిఫ్టులో పనిచేసే చోట ఆ పద్ధతి కొత్త చిక్కులు తెస్తుంది. తెలుగు పెద్ద తెలుగు ఉద్యోగి పక్షాన మాట్లాడితే అది పక్షపాతమంటారు. ఒడియా ఉద్యోగి పక్షాన మాట్లాడితే మనవాడై ఉండి ఇలా చేశాడన్న నిష్ఠూరం మిగులుతుంది. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. తగువు పడ్డ ఇద్దరూ మరునాడు ఉదయం మళ్లీ అదే మిషను దగ్గర నిలబడాలి, కానీ ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడం మాత్రం వాళ్లకు ఇంకా చేతకాదు.

ఈ లోటును పూడ్చడానికి ఏర్పడిన పద్ధతినే కాన్‌ఫ్లిక్ట్ కోచింగ్ అంటున్నారు. తగువులో ఉన్న ఒక్క మనిషితో, ఏకాంతంగా, రెండు మూడు విడతలు కూర్చుని, జరిగినదాన్ని స్పష్టంగా చూసుకునేలా, తనకు నిజంగా కావలసిందేమిటో తెలుసుకునేలా, ఎదుటి మనిషితో ఏ మాట ఎలా ఎత్తుకోవాలో స్వయంగా నిర్ణయించుకునేలా సాయపడడమే ఇందులోని పని. మధ్యవర్తిత్వానికి ఇద్దరూ రావాలి, దీనికి ఒక్కరు వస్తే చాలు. 1990లలో కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాల మధ్యవర్తిత్వ కేంద్రాలకు తగువులోని ఒక పక్షం వచ్చి, రెండో పక్షం రానన్నప్పుడు, వచ్చిన ఒక్కరికైనా ఏ సాయం చేయగలమన్న ఆలోచన నుంచి ఇది చాలావరకు రూపుదిద్దుకుంది. కెనడాకు చెందిన న్యాయవాది, మధ్యవర్తి సిన్నీ నోబుల్ లాంటివారు 1990ల చివరి నుంచి దీనికి ఒక క్రమమైన నమూనా ఏర్పరిచారు.

ఈ ఆలోచన మన ప్రాంతానికి పరాయిదేమీ కాదు. 1894లో బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టి, రైల్వే కార్మికుల నాయకుడిగా ఎదిగి, తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1952 నుంచి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నారు. యాజమాన్యమూ కార్మికులూ ట్రిబ్యునల్ తీర్పు కోసం ఎదురుచూడడం మాని, తమలో తాము మాట్లాడుకుని ఒప్పందానికి రావాలని ఆయన పట్టుబట్టారు. పారిశ్రామిక సంబంధాల చర్చల్లో దానికి గిరి విధానమన్న పేరే స్థిరపడింది. సంస్థ స్థాయిలో ఆయన కోరినదాన్ని ఇద్దరు ఉద్యోగుల స్థాయిలో సాధ్యం చేయడానికి మీరు నేర్చుకోవలసినవి కింద వరుసగా రాస్తున్నాను.

ఈ తగువు మీరు చేపట్టదగినదేనా?

వచ్చిన మనిషి చెప్పే మొదటి పది మాటల్లోనే ఈ ప్రశ్న వేసుకోండి. లైంగిక వేధింపు అయితే కోచింగ్ జోలికి పోకూడదు. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ 2013 నాటి చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదును సాధారణంగా సంఘటన జరిగిన మూడు నెలల లోపు ఇవ్వాలి కాబట్టి, మీ దగ్గర కూర్చుని గడిపే ప్రతి వారమూ బాధితురాలికి నష్టమే. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించాలి. షెడ్యూల్డు కులాల, తెగల వారిని కులం పేరుతో అవమానించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కిందికి వస్తుంది. చేయి చేసుకోవడం, బెదిరించడం, జీతం ఎగ్గొట్టడం, భద్రతా నియమాలు తుంగలో తొక్కి ప్రాణాల మీదికి తేవడం కూడా ఇద్దరి మధ్య మనస్పర్థలు కావు. వీటిలో కోచింగ్ చేయబోతే, అన్యాయం జరిగిన మనిషి మీదే సర్దుకుపోయే భారం మోపినట్టవుతుంది. ఈ విషయంలో మొహమాటం వద్దు. సరైన దారి ఏదో చెప్పి, కావాలంటే ఆ గది తలుపు దాకా తోడు వెళ్లండి.

20 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలో యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే గ్రీవెన్స్ (ఫిర్యాదుల పరిష్కార) కమిటీ ఏర్పాటు చేయాలని 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. ప్రమోషను, బదిలీ, ఓవర్‌టైము లెక్క లాంటి విషయాలు ఆ కమిటీకో, యూనియనుకో వెళ్లవలసినవి. మీకు మిగిలేవి మాటతీరు, పనుల పంపకం, సమాచారం అందకపోవడం, ఒకరి మీద ఒకరికి పెరిగిన అనుమానం. చూడడానికి చిన్నవే అయినా, పనిచోట సగం ఉత్సాహాన్ని తినేసేవి ఇవే.

ముందు మీ అలవాటును గమనించండి

తగువు ఎదురైనప్పుడు మనుషులు ప్రవర్తించే తీరును అమెరికాకు చెందిన కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ 1974లో ఐదు రకాలుగా వర్గీకరించారు. తన మాట నెగ్గించుకోవడం, ఎదుటివారికి ఒదిగిపోవడం, తప్పుకుని తిరగడం, చెరి సగానికి ఒప్పుకోవడం, ఇద్దరి అవసరమూ తీరే మార్గం కలిసి వెతకడం అన్నవి ఆ ఐదు. తన అవసరం కోసం మనిషి ఎంత గట్టిగా నిలబడుతున్నాడు, ఎదుటివారి అవసరాన్ని ఎంత పట్టించుకుంటున్నాడు అన్న రెండు కొలతల మీద ఈ వర్గీకరణ నిలిచింది. ఐదూ పనికివచ్చేవే. బాయిలరు దగ్గర ప్రమాదం కనిపిస్తే నెగ్గించుకోవాల్సిందే. క్యాంటీన్లో కుర్చీ కోసం ఒదిగిపోతే పోయేదేమీ లేదు. ఏ సందర్భం వచ్చినా ఒకే పద్ధతిని పట్టుకుని ఉండడంలోనే చిక్కు ఉంది.

ఇటీవల మీరే పడ్డ మూడు నాలుగు పేచీలను కాగితం మీద రాసి, ఒక్కొక్క చోట మీరు ఏం చేశారో చూసుకోండి. తప్పుకుని తిరిగే స్వభావం గలవారు కోచ్‌గా కూర్చున్నప్పుడు "పోనీలే, వదిలెయ్" అని తొందరగా అనేస్తారు. నెగ్గించుకునే స్వభావం గలవారు "నువ్వు కూడా గట్టిగా ఇచ్చుకో" అని ఎగదోస్తారు. ఎదుటివారి తగువులో మన అలవాటు ఇలా దూరుతుందని ముందే తెలిసి ఉంటే నోటిని అదుపులో పెట్టుకోవచ్చు.

కూర్చునే చోటు, హద్దులు

గేటు దగ్గరి టీ బడ్డీ, క్యాంటీను బల్ల, కాలనీ క్వార్టర్సులోని మీ ఇల్లు, ఈ మూడూ వద్దు. టౌన్‌షిప్‌లో ఎవరు ఎవరింటికి వెళ్లారో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. ఇద్దరు తెలుగువాళ్లు ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నారన్న కబురు ఎదుటి ఒడియా ఉద్యోగికి చేరితే, మీరు మొదలుపెట్టకముందే పని చెడుతుంది. శిక్షణ గది, ఖాళీగా ఉన్న మీటింగు గది లాంటి తటస్థ స్థలంలో, షిఫ్టు దిగిన తరువాత, ముప్పావు గంటకు మించకుండా కూర్చోండి.

మొదటి మాటగా మూడు విషయాలు చెప్పాలి. ఇక్కడ మాట్లాడుకున్నది మీ నోటి నుంచి బయటికి వెళ్లదని, అయితే ఎవరి ప్రాణానికైనా, భద్రతకైనా ముప్పు ఉన్నట్టు తెలిస్తే మౌనంగా ఉండలేరని చెప్పండి. మీరు ఎదుటి మనిషి దగ్గరికి రాయబారం వెళ్లరని చెప్పండి. ఏం చేయాలన్న నిర్ణయం పూర్తిగా తనదేనని చెప్పండి. వచ్చిన వ్యక్తి మీ కిందనే పనిచేస్తూ, అతని ఇంక్రిమెంటు మీ చేతుల్లోనే ఉంటే, అతను మీతో మనసు విప్పి మాట్లాడలేడు. మరో విభాగంలోని సీనియర్ దగ్గరికి పంపడమే న్యాయం. భాష విషయం కూడా అప్పుడే అడగాలి. ఇంట్లో కువి మాట్లాడే మనిషి ఆఫీసు ఒడియాలో తన బాధను సగమే చెప్పగలడు. దేశియా (ఈ ప్రాంతపు ఒడియా మాండలికం) కలిపి మాట్లాడితే అడ్డుకోకండి, అర్థం కాని చోట మళ్లీ చెప్పమని నెమ్మదిగా అడగండి.

చూసినది, అనుకున్నది వేరుచేయడం

ఈ నైపుణ్యాలన్నిటిలోనూ ఎక్కువ సాధన కావలసినది ఇదే కనుక ఒక ఊహా సందర్భంతో వివరంగా చెబుతాను. స్టోర్సులో పనిచేసే ఒక తెలుగు కుర్రాడు, మెకానికల్ విభాగంలోని ఒక ఒడియా సూపర్‌వైజరు. రాత్రి షిఫ్టులో మిషను ఆగితే సూపర్‌వైజరు ఇండెంటు (సామాను కోరుతూ రాసిచ్చే పత్రం) లేకుండానే బేరింగులు, బెల్టులు తీసుకుపోతున్నాడు. స్టాక్ వెరిఫికేషన్‌లో బిన్ కార్డుకూ (సరుకు రాకపోకలు రాసే కార్డు) సరుకుకూ లెక్క కుదరక కుర్రాడు మాట పడ్డాడు. ఆ తరువాత ఒక రాత్రి ఇండెంటు లేనిదే ఇవ్వనన్నాడు, మిషను రెండు గంటలు ఆగింది, ఉదయం మీటింగులో అందరి ముందూ స్టోర్సు వల్లే బ్రేక్‌డౌన్ సాగిందని సూపర్‌వైజరు అన్నాడు. కుర్రాడు మీ దగ్గరికి వచ్చి చెప్పేది మాత్రం ఇలా ఉంటుంది: "అన్నా, ఆయనకి మనవాళ్లంటే పడదు. నన్ను ఇక్కడి నుంచి పంపించేయాలని చూస్తున్నాడు."

మొదటి పది నిమిషాలూ అడ్డు చెప్పకుండా వినండి. కోపం పూర్తిగా మాటల్లోకి రానిదే ఆలోచన మొదలవదు. "అలా ఏం కాదులే, ఆయన మంచివాడే" అన్న ఓదార్పు ఇక్కడ ఎంత సహజంగా వస్తుందో అంత హాని చేస్తుంది. ఆ ఒక్క మాటతో మీరు అవతలి పక్షాన చేరిపోయినట్టే. విన్నాక మీ మాటల్లో తిరిగి చెప్పండి: "మీటింగులో అందరి ముందూ నీ విభాగం పేరు ఎత్తడం నిన్ను బాగా బాధపెట్టింది. లెక్క తేడా వచ్చినప్పుడు పడ్డ మాట కూడా నీ మనసులో ఉంది. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" అతను సరిదిద్దితే సరిదిద్దనివ్వండి.

తరువాత ఒక కాగితాన్ని మధ్యకు గీత గీసి ఇవ్వండి. ఎడమవైపు కెమెరా పెట్టి ఉంటే రికార్డయ్యే విషయాలు, అంటే చూసినవి, విన్నవి మాత్రమే రాయమనండి. కుడివైపు వాటి నుంచి తాను ఏమనుకున్నాడో రాయమనండి. స్టోర్సు వల్లే బ్రేక్‌డౌన్ సాగిందన్న మాట ఎడమవైపుకు వెళ్తుంది, మనవాళ్లంటే పడదన్నది కుడివైపుకు వెళ్తుంది. మనిషి చూసిన దాంట్లోంచి కొంత మాత్రమే ఏరుకుని, దానికి ఒక అర్థం కట్టి, ఆ అర్థం మీద ఒక నమ్మకం కట్టి, ఆ నమ్మకం మీదనే పని చేసేస్తాడని, అదంతా క్షణంలో జరిగిపోవడం వల్ల తనకే తెలియదని హార్వర్డ్ ఆచార్యుడు క్రిస్ ఆర్గిరిస్ వివరించి, దానికి అనుమితి నిచ్చెన అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. కుడివైపు రాసినవి అబద్ధాలని మీరు అనకూడదు. అవి నిజం కూడా కావచ్చు. భాష పేరుతో చిన్నచూపు చూడడం సరిహద్దు జిల్లాల్లో అసలు లేదని ఎవరూ చెప్పలేరు. "ఎడమవైపు ఉన్నవాటికి వేరే కారణం ఇంకేదైనా ఉండవచ్చా?" అని అడిగి ఊరుకోండి. ఆ తరువాత వచ్చే మౌనాన్ని చెడగొట్టకండి. అతను నేల వైపు చూస్తూ ఒక నిమిషం ఉన్నా సరే, మీరు మాట్లాడకూడదు.

ప్రశ్నలు అడిగే తీరు

కొత్తగా నేర్చుకునేవారు ప్రశ్న రూపంలో సలహా ఇస్తారు. "నువ్వే వెళ్లి ఒకసారి మాట్లాడితే బాగుండేది కదా?" అన్నది ప్రశ్న కాదు, మందలింపు. "ఎందుకు ఇవ్వనన్నావు?" అన్నదానికి మనిషి సంజాయిషీ ఇచ్చుకుంటాడే తప్ప ఆలోచించడు. "ఎందుకు" అనే బదులు "ఏమిటి", "ఎలా", "ఎప్పుడు" అని మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి. "ఆ రాత్రి ఇవ్వనన్నప్పుడు నీ మనసులో దేని గురించి భయం ఉంది?", "ఆయనతో నీకు పని సాఫీగా సాగిన రోజులు ఎప్పుడైనా ఉన్నాయా, అప్పుడు ఏం తేడాగా జరిగింది?", "మూడు నెలల తరువాత ఈ విషయం నీకు నచ్చినట్టుగా కుదురుకుంటే, రాత్రి షిఫ్టులో ఏం జరుగుతూ ఉంటుంది?" వంటివి పనిచేసే ప్రశ్నలు. వీటిలో రెండోది నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. తగువులో మునిగిన మనిషి సాఫీగా సాగిన రోజులను పూర్తిగా మరచిపోతాడు, వాటిని గుర్తు చేసుకున్నప్పుడు పరిష్కారంలో సగం అతని నోటి నుంచే వస్తుంది.

ఒక ప్రశ్నకు జవాబు పూర్తి కాకుండా రెండో ప్రశ్న వేయవద్దు. మీకు జవాబు ముందే తెలుసుననిపించే ప్రశ్న అసలు వేయవద్దు.

పట్టుదల వెనుక ఉన్న అవసరం

సహకారంతో నడిచే పనిచోటు కావాలనుకునేవారు తెలుసుకోవలసిన పేరు మేరీ పార్కర్ ఫాలెట్. అమెరికాకు చెందిన ఈ చింతకురాలు 1925లో చేసిన ఒక ప్రసంగంలో, తగువు తీరడానికి మూడు దారులున్నాయని చెప్పింది: ఒకరు గెలవడం, ఇద్దరూ కొంత వదులుకోవడం, ఇద్దరి కోరికలూ ఇమిడే కొత్త మార్గం కనుక్కోవడం. మూడోదానికి ఆమె ఇచ్చిన ఉదాహరణ హార్వర్డ్ గ్రంథాలయంలోని ఒక చిన్న గదిలో జరిగినది. ఒకరికి కిటికీ తెరిచి ఉండాలి, ఆమెకు మూసి ఉండాలి. చివరకు ఎవరూ కూర్చోని పక్క గదిలోని కిటికీ తెరిచారు. అందులో రాజీ ఏమీ లేదు. ఎదుటి వ్యక్తికి గదిలోకి గాలి కావాలి, ఆమెకు ఉత్తరపు గాలి నేరుగా తన మీదికి కొట్టకుండా ఉంటే చాలు. కిటికీ గురించిన పట్టుదలలు ఢీకొన్నాయి గాని, వాటి వెనుక ఉన్న అవసరాలకు అసలు పోటీయే లేదు.

మన పనిచోట్లలో ఇలాంటిది ఎక్కువగా సెలవుల రోస్టరు దగ్గర కనిపిస్తుంది. సంక్రాంతికి విజయనగరం, పార్వతీపురం వైపు వెళ్లాల్సినవాళ్లు ఒక పక్క, జూన్ నెలలో రజో పండుగకు కటక్, పూరీ వైపు వెళ్లాల్సినవాళ్లు ఒక పక్క ఉంటారు. పండుగలు వేర్వేరు నెలల్లో వస్తున్నా తగువు పడుతూనే ఉంటారు. అడిగి చూస్తే అసలు బాధ సెలవు గురించి కాదు. ఎవరిని ముందు అడిగి రోస్టరు వేశారు, ఎవరికి చివరి నిమిషంలో చెప్పారు అన్నదే బాధ.

స్టోర్సు కుర్రాడి విషయానికి వస్తే, ఇండెంటు లేనిదే ఇవ్వకూడదన్నది అతని పట్టుదల. "అది ఉంటే నీకు ఏం దక్కుతుంది?" అని అడుగుతూ పోతే, లెక్క తేడా వచ్చినప్పుడు తన మీద నింద పడకుండా ఏదో ఒక రాతపూర్వకమైన ఆధారం కావాలన్నదే అతని అవసరమని బయటపడుతుంది. అది ఇండెంటే కానవసరం లేదని అతనే గ్రహించేదాకా ఆగాలి. మీకు పరిష్కారం అప్పటికే కనబడుతూ ఉంటుంది, చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది. చెప్పకండి. మీరు చెప్పినది మీ మాటగానే మిగిలి, అది విఫలమైన రోజున నింద కూడా మీదే అవుతుంది; అతను కనుక్కున్నదాన్ని అతనే నిలబెట్టుకుంటాడు.

ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టడం

రెండో విడతలో మరో కుర్చీ వేసి, అతన్ని అందులో కూర్చోమని, సూపర్‌వైజరుగా మాట్లాడమనండి. మొదట సిగ్గుపడతాడు, కొంచెం ఎగతాళిగా మొదలుపెడతాడు, ఫర్వాలేదు. "సార్, ఆ రాత్రి మిషను ఆగినప్పుడు మీకు ఎవరి నుంచి ఫోన్లు వచ్చాయి?" అని మీరు నిజంగానే సూపర్‌వైజరును అడిగినట్టు అడగండి. రెండు మూడు ప్రశ్నల్లో గొంతు మారుతుంది. ప్లాంట్ మేనేజరు అర్ధరాత్రి తిట్టిన సంగతి, స్టోర్సు తాళం కోసం ఇరవై నిమిషాలు తిరిగిన సంగతి అతని నోటి నుంచే వస్తాయి. ఒక్కోసారి అనుకోని విషయం పైకి వస్తుంది. తానూ హెల్పరూ సూపర్‌వైజరు ఎదురుగానే తెలుగులో మాట్లాడుకుని నవ్వుకున్న సందర్భం గుర్తొచ్చి, "నన్నే అంటున్నారనుకుని ఉంటాడు" అని కుర్రాడే అంటాడు. సరిహద్దు ఊళ్లలో పనిచేసే మనమందరం ఒకసారైనా ఆలోచించవలసిన విషయమిది: మూడో మనిషి నిలబడి ఉండగా అతనికి రాని భాషలో మాట్లాడుకోవడం మనకు మామూలే, అతనికి మాత్రం కాదు.

ఎదుటివారిని అర్థం చేసుకోవడమంటే వారు చేసినది సరైనదని ఒప్పుకోవడం కాదని ఇక్కడ స్పష్టంగా చెప్పండి. లేకపోతే తనను ఒప్పించడానికే ఇదంతా చేస్తున్నారని అతను అనుకునే ప్రమాదం ఉంది.

మాట ఎత్తుకోవడానికి సాధన

తగువు గురించిన సంభాషణ గతి చాలావరకు మొదటి వాక్యంతోనే తేలిపోతుంది. అందుకే ఆ వాక్యాన్ని రాయించి, గట్టిగా పలికించండి. జరిగినదేమిటి, దానివల్ల తన మీద పడిన ప్రభావమేమిటి, తాను కోరేదేమిటి అన్న మూడూ అందులో ఉండాలి. ఎదుటి మనిషి స్వభావం గురించి ఒక్క మాటా ఉండకూడదు. "మీరెప్పుడూ ఇంతే సార్, మమ్మల్ని లెక్కచేయరు" అన్నది అతని మొదటి ప్రయత్నం కావచ్చు. మీరు దిద్దకుండా, "ఇది వింటే ఆయన ఏమంటారు?" అని మాత్రం అడగండి. నాలుగైదు ప్రయత్నాల తరువాత ఇలాంటిది వస్తుంది: "సార్, పోయిన నెల రాత్రిపూట సామాను వెళ్లినప్పుడు బిన్ కార్డులో రాయలేకపోయాను, వెరిఫికేషన్‌లో నేను జవాబు చెప్పుకోవలసి వచ్చింది. రాత్రి మీ మిషను ఆగకుండా, నా లెక్క తప్పకుండా ఏం చేయొచ్చో మీతో పది నిమిషాలు మాట్లాడాలి." ఈ మాటలను అతను సూపర్‌వైజరుతో మాట్లాడే భాషలోనే, ఒడియాలోనో హిందీలోనో, పలికించాలి. తెలుగులో సాధన చేసి ఒడియాలో చెప్పబోతే తొట్రుపాటు వచ్చి, గౌరవవాచకాలు తారుమారై, మంచి మాట కూడా మొరటుగా వినిపించవచ్చు.

తరువాత మీరే సూపర్‌వైజరు పాత్ర తీసుకుని, కొంచెం కఠినంగా జవాబివ్వండి. "ఇప్పుడు నాకు తీరిక లేదు" అంటే ఏం చేస్తాడు? గొంతు పెంచితే ఏం చేస్తాడు? ఎక్కడ మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడాలి అన్నది కూడా తేల్చుకోనివ్వండి. బ్రేక్‌డౌన్ సాగుతున్నప్పుడు గాని, పదిమంది ముందు గాని, వాట్సాప్ గ్రూపులో గాని కాకూడదన్నది మాత్రం సలహాగా చెప్పినా తప్పు లేదు. రాసిన మాటకు గొంతు ఉండదు, చదివేవాడు తన కోపాన్నే దానికి గొంతుగా పెట్టుకుంటాడు.

మీరు సాధన చేయడం ఎలా?

చదివి ఊరుకుంటే ఈ విద్య రాదు. మీలాగే ఆసక్తి ఉన్న ఇద్దరిని చూసుకుని, వారానికి ఒకసారి ముగ్గురూ కూర్చోండి. ఒకరు తన జీవితంలోని నిజమైన చిన్న పేచీని చెబుతారు, ఒకరు కోచ్‌గా ఉంటారు, మూడోవారు మాట్లాడకుండా గమనించి, కోచ్ ఎన్నిసార్లు సలహా ఇచ్చాడో, ఎన్నిసార్లు మధ్యలో అడ్డుకున్నాడో రాసుకుంటారు. తరువాత పాత్రలు మార్చుకుంటారు. ముగ్గురిలో ఒకరైనా తెలుగు మాతృభాష కానివారు ఉంటే మరింత మేలు. మన ప్రశ్నలు వాళ్లకు ఎలా వినిపిస్తాయో అక్కడే తెలిసిపోతుంది. అసలైన వ్యక్తులతో మొదలుపెట్టినప్పుడు, ఒక్కో విడత ముగిసిన వెంటనే మీ గురించి మాత్రమే నోటుబుక్కులో రాసుకోండి: ఎక్కడ తొందరపడ్డాను, ఎక్కడ ఒక పక్షానికి మొగ్గాను, ఏ ప్రశ్న తలుపు తెరిచింది. వచ్చినవారి పేర్లు, వివరాలు రాయవద్దు. నోటుబుక్కు ఎవరి చేతిలోనైనా పడవచ్చు.

సంభాషణ జరిగిన తరువాత

ఇద్దరూ మాట్లాడుకున్న వారం లోపల మూడోసారి కూర్చోండి. ఏం అనుకున్నారు, ఏం జరిగింది, ఏది అనుకున్నదానికంటే బాగా సాగింది, ఏది సాగలేదు అని అడగండి. పై సందర్భంలో షిఫ్టు ఇన్‌చార్జి గదిలో రాత్రిపూట సామాను కోసం ఒక రిజిస్టరు పెట్టి, ఉదయం పదింటిలోగా దానికి ఇండెంటు తయారుచేయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారనుకుందాం. ఆ ఒప్పందం నెల తిరిగేసరికి సడలే అవకాశం ఉంది కాబట్టి, ఒక రాత్రి రిజిస్టరులో రాయకుండా సామాను వెళ్తే ఆ మరునాడే మాట ఎత్తడమా, వారం ఆగడమా అన్నది ఇప్పుడే అతన్ని ఆలోచించుకోమనండి.

మాట్లాడినా కుదరకపోవడం కూడా మామూలే. ఎదుటి మనిషి అసలు వినకపోవచ్చు, విని కొట్టిపారేయవచ్చు. అప్పుడు అతని ముందు ఇంకా ఏ దారులున్నాయో కలిసి చూడండి: పై అధికారికి రాతపూర్వకంగా చెప్పడం, గ్రీవెన్స్ కమిటీకి వెళ్లడం, విభాగం మార్చమని కోరడం, ఇద్దరి సమ్మతితో మధ్యవర్తిని కూర్చోబెట్టడం. మధ్యవర్తి దాకా వెళ్తే ఆ మధ్యవర్తి మీరు కాకూడదు. ఒకరి మనసులోని మాటలన్నీ విన్న మీరు రెండోవారికి తటస్థులుగా కనబడరు. ఇద్దరి భాషలూ వచ్చి, ఇద్దరికీ సమ్మతమైన మరొకరిని వాళ్లనే ఎంచుకోనివ్వండి.